మా బావ ఫ్యాను ఎంచిన వైనం

మా బావ ఒక కంప్యూటర్ ఫ్యాను కొనడానికి పద్నాలుగు నెలలు తీసుకున్నాడు. మా అక్కని చూసి సరే అనడానికి ఆయనకి పట్టింది అరగంట. ఈ మాట నేనంటున్నది కాదు, షాపుకి వచ్చినవాళ్లందరికీ అక్కే చెప్పి నవ్వుతుంది. నవ్వితే నవ్వింది గానీ, ఆ ఫ్యాను పుణ్యమా అని ఒక మనిషి ఉద్యోగం ఊడబోయింది. ఆ సంగతి నేను నవ్వకుండా చెప్పాలి. చెప్పగలనో లేదో తెలీదు. బావని తలుచుకుంటే చాలు, నాకు ఓ పక్క నవ్వొస్తుంది, ఓ పక్క ఒళ్లు మండుతుంది.

బావది చెవి మెషీన్ల షాపు. రెండో అంతస్తులో రెండు గదులు. ముందుగదిలో అద్దాల బీరువా, అందులో మఖమలు గుడ్డ మీద చిక్కుడుగింజలంత మెషీన్లు, దాని పక్కన కౌంటర్లో అక్క. వెనకగదిలో నేను. వచ్చినవాళ్ల చెవులు పరీక్ష చేసి, ఎంత వినపడుతోందో కాగితం మీద గీత గీసి ఇవ్వడం నా ఉద్యోగం. అక్క మొగుడి దగ్గర ఉద్యోగమంటే జీతం తక్కువ, సలహాలు ఎక్కువ అని వేరే చెప్పక్కర్లేదు.

ఆ వెనకగది చూసి తీరాలి. నాలుగు గోడలకీ పైకప్పుకీ బూడిదరంగు నురుగు పలకలు అంటించారు. తలుపు అంచులకి రబ్బరు పట్టీ. వీధిలో లారీ పోయినా లోపలికి వినపడదు. ఇంత తంటాలుపడి తయారుచేసిన నిశ్శబ్దంలో తీసుకొచ్చి ఎవర్ని కూర్చోబెట్టారయ్యా అంటే, పన్నెండేళ్ల నాటి కంప్యూటర్ని. ఆన్ చేశామా, ఇక అది గొంతు సవరించుకుని, రెండుసార్లు దగ్గి, మూలుగు అందుకుంటుంది. సాయంత్రం ఆపేదాకా అదే మూలుగు. పోనీ ముందుగదిలో పెడదామా అంటే పరీక్ష పెట్టెకీ దానికీ మధ్య ఉన్న వైరు రెండు మూరలు. పోనీ కొత్త కంప్యూటర్ కొందామా అంటే ఆ పెట్టె తాలూకు ప్రోగ్రాం కొత్తవాటి మీద నడవదు, పెట్టె చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

పరీక్ష సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మనిషి చెవులకి హెడ్‌ఫోన్లు పెడతాం, చేతికి ఒక బటన్ ఇస్తాం. చెవిలో చిన్న చిన్న శబ్దాలు వస్తాయి. కొన్ని ఈలలా సన్నగా, కొన్ని బొంగురుగా. ఒక్కోదాన్నీ తగ్గించుకుంటూ పోతాం. వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కాలి. వినపడటం ఆగిన చోట నేను చుక్క పెడతాను, చుక్కలన్నీ కలిపితే గీత. అంతే. ఇప్పుడు చెప్పండి, పక్కనే ఒక డబ్బా బొంగురుగా మూలుగుతుంటే, ఆ బొంగురు శబ్దాలు ఏ చెవికి వినపడతాయి?

ఇదే బావతో చెప్పాను. ఒకసారి కాదు, చెవినిల్లు కట్టుకుని పోరాను. బావ కాదనలేదు. కాదంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. "నిజమేనే, ఫ్యాను మార్చాలి. చూస్తున్నా," అన్నాడు. చూడటం మొదలుపెట్టాడు.

ఆ చూడటం ఎలాంటిదో మీరు ఊహించలేరు. పొద్దున షాపు తెరవగానే ఫోను తీసేవాడు. ఫ్యాన్ల గురించి ప్రపంచంలో ఎవరెవరు ఏమేం రాశారో అన్నీ చదివేవాడు. ఏ ఫ్యాను నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుంది, ఏ ఫ్యాను రెక్క ఏ వంపులో ఉంది, దేని లోపల నూనె ఉంది, దేని లోపల గుండ్లు ఉన్నాయి, అన్నీ కంఠతా పట్టాడు. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, "ఫ్యాను అంటే గాలి ఒక్కటే కాదు. ఫ్యాను అంటే స్వభావం," అనేవాడు. చెవి మెషీను కోసం వచ్చిన ముసలాయన పాపం తన కోసమే చెబుతున్నాడనుకుని తలూపేవాడు.

అన్నిటికంటే పెద్ద పిచ్చి ఏమిటంటే, ఫ్యాన్ల చప్పుడు రికార్డు చేసి పెట్టేవాళ్లు ఉంటారట. ఆ వీడియోలు పెట్టుకుని వినేవాడు. ఊరికే వినడం కాదు, షాపులో అన్నిటికంటే ఖరీదైన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల కాస్త ఒకపక్కకి వాల్చి. మేమంతా చెవుల వ్యాపారంలో ఉన్నవాళ్లం కాబట్టి ఫ్యాను కూడా చెవితోనే ఎంచాలని ఆయన సిద్ధాంతం.

మధ్యాహ్నం జనం లేనప్పుడు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టేవాడు. అక్క, నేను, బావ వాళ్ల నాన్న. మావయ్యకి మాత్రం నిజంగానే చెవుడు. షాపు మొత్తంలో మెషీను అవసరం ఉన్న మనిషి ఆయనొక్కడే, ఆయనకేమో అది పెట్టుకోవడం ఇష్టం ఉండదు. కొడుకు ఉపన్యాసం మొదలుపెట్టగానే మెల్లగా చెవి వెనక వేలు పెట్టి ఆపేసేవాడు.

"ఇప్పుడు జాగ్రత్తగా వినండి. మొదటిది పందొమ్మిది పాయింట్ రెండు డెసిబెల్స్," అన్నాడు బావ ఒకరోజు.

"బ్రహ్మాండం! అసలు చప్పుడే లేదురా. ఇదే కొనెయ్," అన్నాడు మావయ్య.

"ఇంకా మొదలుపెట్టలేదు నాన్నా!"

ఇలా పద్నాలుగు నెలలు. ఈ పద్నాలుగు నెలలూ నేను ఆ మూలుగు పక్కనే కూర్చుని జనం చెవులు పరీక్ష చేస్తూనే ఉన్నాను. నేను చెప్పాల్సింది చెప్పాను కదా అనుకున్నాను. ఇంతకన్నా ఏం చేస్తాను, షాపు నాది కాదు.

అలా ఉండగా ఒక సోమవారం నలభై రెండో నంబరు బస్సు డ్రైవరు వచ్చాడు. బస్సు డిపోలో డ్రైవర్లందరికీ ఏటా చెవుల పరీక్ష ఉంటుంది. డిపోవాళ్లు మా షాపుకే పంపుతారు, వేరే చోట రాయించుకొచ్చిన కాగితం ఒప్పుకోరు. పాసైతే స్టీరింగ్ ఉంటుంది. ఫెయిలైతే బస్సులు కడిగే షెడ్డుకి పంపేస్తారు. మెషీను పెట్టుకుని నడుపుతానంటే కుదరదు.

యాభై దాటిన మనిషి. భుజాలు వెడల్పు, మాట నెమ్మది. కుర్చీలో కూర్చున్నాడు, నేను హెడ్‌ఫోన్లు అందుకునేలోపు కంప్యూటర్ వైపు తల తిప్పాడు.

"అమ్మా, మీ ఫ్యాను బుష్ అరిగిపోయింది. ఓ పక్కకి ఒరిగి తిరుగుతోంది. మధ్యమధ్యలో రెక్క దేనికో తగులుతోంది చూడండి, టిక్కుమని."

పద్నాలుగు నెలలుగా దాని పక్కన కూర్చున్నదాన్ని, నాకు ఆ టిక్కు ఎప్పుడూ వినపడలేదు. వంగి డబ్బాకి చెవి ఆనించాను. టిక్. కాసేపాగి మళ్లీ టిక్.

ఇదే మనిషికి హెడ్‌ఫోన్లు పెట్టాను. పది నిమిషాల్లో నా కంప్యూటర్ ఈయన చెవిటివాడని తేల్చేసింది! సన్న శబ్దాలన్నీ లక్షణంగా విన్నాడు. బొంగురు శబ్దాల దగ్గరకొచ్చేసరికి బటన్ మీద వేలు పెట్టుకుని, నుదురు ముడేసుకుని, ఎదురుచూస్తూ కూర్చున్నాడు. మళ్లీ చేశాను. అదే. కంప్యూటర్ ఫ్యాను వైరు పీకేసి చేద్దామని చూశాను. ఐదు నిమిషాలకి వేడెక్కి డబ్బా మొత్తం ఆరిపోయింది, చేసిన పరీక్ష కూడా దానితోపాటే పోయింది. మూడోసారి వైరు పెట్టి చేస్తే మళ్లీ అదే గీత.

కాగితం తీసుకుని చూసి ముందు నవ్వాడు. "నాకు చెవుడా? మా ఆవిడ పక్కగదిలో నన్ను తిట్టుకున్నా వినపడుతుందమ్మా నాకు. వినపడకపోతే సుఖంగా ఉండేవాణ్ణి." తర్వాత నవ్వు ఆపేశాడు. "ఇరవై ఆరేళ్లయింది స్టీరింగ్ పట్టుకుని. ఇంజను చప్పుడు విని దానికి ఎక్కడ నొప్పో చెప్తాను. నన్ను తీసుకెళ్లి గొట్టం పట్టుకోమంటారా?"

"రెండోసారి పరీక్షకి అవకాశం ఉంది కదా?"

"ఉంది. పన్నెండు రోజులు. వచ్చే వారం శుక్రవారం సాయంత్రానికి ఇంకో కాగితం డిపోలో ఇవ్వాలి. అదే చివరిది."

"మీరు శుక్రవారం రండి. ఈలోపు ఆ ఫ్యాను సంగతి నేను చూస్తాను," అన్నాను. అనేసిన తర్వాత, ఎవరి భరోసాతో అన్నానా అని నాకే భయమేసింది.

ఆయన అటు మెట్లు దిగాడో లేదో నేను ముందుగదిలోకొచ్చి బావ మీద ఒంటికాలి మీద లేచాను. "బావా, నీ ఫ్యాను గొంతు విని దాని రోగమేమిటో చెప్పిన మనిషికి చెవుడని కాగితం ఇచ్చి పంపాను ఇప్పుడే. నాకు సిగ్గుగా ఉంది. ఇవాళ ఫ్యాను కొంటావా, కొనవా?"

"కొంటాను, కొంటాను. వడగట్టి వడగట్టి చివరికి నాలుగు ఫ్యాన్ల దాకా తెచ్చాను. ఆ నాలుగూ ఒక్కసారి మీరంతా వింటే..."

"వినను."

"మూడు చాలు."

"బావా!"

నేను ఆ గొంతుతో అరవడం చూసి మావయ్య మెషీను ఆన్ చేసుకున్నాడు. అక్క కౌంటర్లోంచి, "కొనెయ్యండి బాబూ, దీని నోరు మూతపడుతుంది," అంది. బావ ఫోను తీసి, కళ్లు మూసుకుని చివరిసారిగా ఒక ఫ్యాను విన్నాడు. పూజారి గర్భగుడిలో ఉన్నంత నిష్ఠగా బటన్ నొక్కాడు. ఎక్కడో దూరదేశంలో తయారైందట. ఎనిమిది రోజుల్లో వస్తుందట. దాని చప్పుడు వినాలంటే ప్రత్యేకంగా చెవి పెట్టాలట. ఎనిమిది రోజులు నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

తర్వాతి వారం మంగళవారం పొద్దున ఫ్యాను వచ్చింది. నల్లటి పెట్టె, లోపల మెత్త, మెత్త మీద ఫ్యాను. బావ చేతులు కడుక్కుని వచ్చి తీశాడు. మేమంతా చుట్టూ నిలబడ్డాం. మావయ్య కుర్చీ జరుపుకుని మరీ వచ్చాడు. వెనకగదిలో కంప్యూటర్ ఆపి, బావే స్వయంగా డబ్బా పక్కపలక ఊడదీశాడు. లోపల దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. ఆ దుమ్ములో పాత ఫ్యాను.

పాత ఫ్యాను అరచేతంత. కొత్త ఫ్యాను టీ సాసరంత.

బావ కొత్త ఫ్యానుని నిలువుగా పెట్టి చూశాడు, అడ్డంగా పెట్టి చూశాడు, తిరగేసి చూశాడు. ఏటవాలుగా దూరుతుందేమోనని ఒక మూల నొక్కి చూశాడు. చిన్నప్పుడు అక్క చెప్పులో నా కాలు పెట్టుకుని, సరిపోతుందని వాదించినప్పుడు నేను అలాగే చేసేదాన్ని.

"కొలిచావా?" అన్నాను.

"ఏంటి?"

"సైజు. స్కేలు పెట్టి. పద్నాలుగు నెలల్లో ఒక్కసారి."

"డెసిబెల్స్ కొలిచాను కదా," అన్నాడు బావ.

నవ్వాలా ఏడవాలా తెలియలేదు. చెవుల షాపువాళ్లం, ఫ్యానుని అటునుంచీ ఇటునుంచీ విన్నాం. తీసి కళ్లతో చూడాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. నాక్కూడా తట్టలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మావయ్య మాత్రం ఫ్యానుని చేతిలోకి తీసుకుని, "వేసవిలో నాకు పనికొస్తుంది," అన్నాడు.

బావకి ఓటమి అంటే ఏమిటో తెలీదు. ఐదు నిమిషాల్లో తేరుకున్నాడు. "సరే. ఇది నూట ఇరవై మిల్లీమీటర్లు. మనకి కావలసింది ఎనభై. అదొక పూర్తిగా వేరే విభాగం. మళ్లీ మొదట్నుంచి చూడాలి. ఓ నెల పడుతుంది."

"శుక్రవారం ఆ డ్రైవరు వస్తున్నాడు."

"వస్తే చెయ్యి. మనం ఏం చేస్తాం? కాగితం ఇచ్చేది మెషీను, మనం కాదు కదా." అని భోజనానికి వెళ్లిపోయాడు. చేతిలో ఫోను, అప్పటికే ఎనభై మిల్లీమీటర్లు వెతుకుతున్నాడు.

నేను కౌంటరు దగ్గర నిలబడి తిట్లు లంకించుకున్నాను. అక్క కాసేపు విని, బీరువా అద్దం తుడుస్తూ, "ఎందుకే అంత ఎగురుతావు? పోయినేడు నువ్వు పది రోజులు సెలవు పెట్టావు, గుర్తుందా?" అంది.

"ఉంది."

"నీ బదులు ఒకమ్మాయి వచ్చింది. రాగానే డబ్బా తెరిచి దుమ్మంతా ఊదేసి, ఫ్యానులో ఇంత నూనె చుక్క వేసింది. వారం రోజులు చీమ చిటుక్కుమన్నా వినపడేది ఆ గదిలో. ఆ వారం పదకొండుమంది వచ్చారు. తొమ్మిదిమందికి చెవులు బంగారంలా ఉన్నాయని తేలింది. ఒక్క మెషీను అమ్ముడుపోలేదు." అద్దం మీద మరక చూసి ఇంకోసారి తుడిచింది. "మీ బావ కావాలని చేస్తున్నాడని నేననను. ఆయన అంత తెలివైనవాడైతే నేనెప్పుడో బాగుపడేదాన్ని. ఫ్యాను కొనాలనే అనుకుంటాడు. కానీ తొందరెందుకు పుట్టట్లేదో నాకు తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"నీకు తెలీదా?"

నాకు బావ మీద కన్నా అక్క మీద ఎక్కువ కోపం వచ్చింది. లోపలికెళ్లి తలుపు వేసుకున్నాను. ఆ గదిలో ఎంత గట్టిగా ఏడ్చినా బయటికి వినపడదు, అదొక్కటే దాని సుఖం. కాసేపయ్యాక ముక్కు తుడుచుకుని, స్క్రూడ్రైవర్ తెచ్చి, నాలుగు స్క్రూలూ తిప్పి పాత ఫ్యాను ఊడదీసి సంచిలో వేసుకున్నాను.

మర్నాడు పొద్దున బస్టాండు వెనక సందులో పార్టుల షాపుకి వెళ్లాను. షాపు వెడల్పు మంచమంత ఉంటుంది. తీగ మీద బట్టలు ఆరేసినట్టు ఫ్యాన్లు వాటి వైర్లతోనే వేలాడుతున్నాయి. షాపావిడ ఏదో బోర్డుకి టంకం పెడుతోంది. తల ఎత్తకుండానే చెయ్యి చాపింది. పాత ఫ్యాను పెట్టాను.

అరచేతిలో పెట్టుకుని మందం చూసింది. వైరు చివర పిన్నులు లెక్కపెట్టింది. రెక్కని వేలితో ఒకసారి తిప్పి మొహం చిట్లించింది. "నాలుగు పిన్నులు, ఎనభై. ఎక్కడ పెడతారు?"

"చెవులు పరీక్ష చేసే గదిలో."

అప్పుడు తల ఎత్తి నావైపు చూసింది. "దీన్నా? చెవులు పరీక్ష చేసే గదిలోనా?"

"అవును."

తీగ మీంచి ఒకటి తీయబోయి, దాన్ని వదిలేసి, వెనక డబ్బాలోంచి ఇంకోటి తీసింది. "ఇది మెల్లగా తిరుగుతుంది. గాలికి లోటుండదు. ముందు లోపలి దుమ్ము దులిపి బిగించండి, లేకపోతే ఇదీ అరుస్తుంది."

నా నోటికి ఏం తెగులు పట్టిందో, బావ పూనినట్టు, "ఎన్ని డెసిబెల్సండీ?" అన్నాను.

ఆవిడ వైరు ఒక బ్యాటరీకి తగిలించి, ఫ్యానుని నా చెవి దగ్గర పెట్టింది. "మీరే చెప్పండి."

చెంపకి గాలి తగిలింది. చప్పుడు వెతుక్కోవాల్సి వచ్చింది. మొత్తం కలిపి రెండు నిమిషాలు పట్టింది, అందులో ఒక నిమిషం ఆవిడ టంకం చల్లారడానికి.

ఆ మధ్యాహ్నమే దుమ్ము ఊది, బ్రష్షుతో దులిపి, ఫ్యాను బిగించాను. బావ గుమ్మంలో నిలబడి చూశాడు. "ఏ కంపెనీ? బేరింగ్ ఏ రకం?" అని అడిగాడు. నేను తెలీదన్నాను. "తెలీకుండా ఎలా కొంటారసలు?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. కంప్యూటర్ ఆన్ చేసి తలుపు మూశాను. గదిలో నా చేతివాచీ నడక వినపడింది.

శుక్రవారం డ్రైవరు పదింటికల్లా వచ్చాడు. ఇస్త్రీ యూనిఫాం, దువ్విన తల. కాలేజీలో చేరడానికి వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. కంప్యూటర్ వైపు తిరిగి, "మార్చారే!" అన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టాను. సన్న శబ్దాలు అయ్యాయి. బొంగురు శబ్దాలు మొదలయ్యాయి. నేను తగ్గిస్తున్నాను, ఆయన నొక్కుతున్నాడు. ఇంకా తగ్గించాను, నొక్కాడు. ఇక తగ్గించడానికి లేని చోట కూడా నొక్కాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మామూలు చెవులండీ, మామూలు మనిషి చెవులు. దానికే నాకు అంత సంతోషం.

కాగితం చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి చదువుకున్నాడు. ఈలోపు బావ లోపలికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "చూశారా సార్? ఫ్యాను ఎంపిక అంటే ఆషామాషీ కాదు. దీని వెనక పద్నాలుగు నెలల కృషి ఉంది."

డ్రైవరు మర్యాదగా తలూపాడు. తర్వాత నావైపు తిరిగాడు. "అయితే అమ్మా, పోయినసారి నేను ఫెయిలయింది ఫ్యాను వల్లేనా?"

"అవునండీ. తప్పు మాదే."

"అది మార్చి ఎన్నాళ్లయింది?"

"మొన్ననే. బుధవారం."

కాసేపు ఏదో లెక్క వేసుకున్నాడు. "మరి పదిహేడో నంబరు బస్సు నడిపేవాడు ఒకడుండేవాడు. ఎనిమిది నెలల కింద ఇక్కడికే వచ్చాడు. రెండుసార్లూ ఫెయిలయ్యాడు. ఇప్పుడు షెడ్డులో బస్సులు కడుగుతున్నాడు. వాడిది కూడా ఫ్యానేనా?"

బావకి ఎవరికో ఫోను చెయ్యాలని గుర్తొచ్చింది. డ్రైవరు నా జవాబు కోసం కాసేపు నిలబడ్డాడు. "చూడండమ్మా ఒకసారి," అని, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

పాత కాగితాల కట్ట తీసి పదిహేడో నంబరాయనవి వెతికాను. దొరికాయి. సన్న శబ్దాల దగ్గర తిన్నగా ఉన్న గీత, బొంగురు శబ్దాల దగ్గర గుంటలో పడింది. నలభై రెండో నంబరాయన పాత కాగితం పక్కన పెట్టి చూశాను. అదే గుంట. ఇంకో డ్రైవరుది తీశాను. లెక్కల టీచరు ఒకావిడది తీశాను. కింద ఇస్త్రీ షాపాయనది తీశాను. వయసులు వేరు, చెవులు వేరు, గుంట మాత్రం అందరికీ ఒక్క చోటే, ఒక్క లోతే. పద్నాలుగు నెలలుగా నేను జనం చెవుల గీతలు గియ్యలేదు. మా ఫ్యాను గీతే గీసి, పేరు మార్చి మార్చి, కింద నా సంతకం పెట్టి ఇచ్చాను. బావని ఇన్నాళ్లూ ఎన్నెన్ని మాటలన్నాను! బావ సంతకం ఒక్క కాగితం మీద కూడా లేదు.

పదిహేడో నంబరాయన కాగితం మీద ఆయన ఫోను నంబరుంది. తలుపు తీసే ఉంది, ముందుగదిలో బావ ఎవరికో మెషీను బేరం చెబుతున్నాడు. బావ చెవిన పడకూడదని గొంతు బాగా తగ్గించి, దాదాపు గుసగుసగా మాట్లాడాను.

"పదిహేడో నంబరు డ్రైవరుగారేనా?"

"అది ఒకప్పుడమ్మా. ఎవరు?" వెనక బస్సు రేకు మీద నీళ్లు కొడుతున్న హోరు.

"చెవుల షాపు నుంచి. పరీక్ష చేసినదాన్ని. మీరు మా దగ్గర కొన్న మెషీన్లు పెట్టుకున్నారా ఇప్పుడు?"

"లేదమ్మా. నీళ్లు పడితే పోతాయన్నారుగా. డబ్బాలో పెట్టి ఇంట్లోనే ఉంచుతున్నా."

"మీరు ఒకసారి మళ్లీ పరీక్షకి రావాలండీ. మీకు మేమిచ్చిన కాగితం తప్పు. మా కంప్యూటర్ ఫ్యాను చప్పుడు వల్ల అలా వచ్చింది. మీ చెవులు బాగానే ఉండి ఉంటాయి."

హోరు ఆగలేదు.

"ఎందుకులే తల్లీ. ఎనిమిది నెలలైంది. ఇంట్లో పిల్లలు కూడా నాతో అరిచే మాట్లాడుతున్నారు, అలవాటైపోయింది," అన్నాడు. "ఇప్పుడు మళ్లీ వచ్చి కూర్చుంటే మాత్రం నాకేం వినపడుతుందమ్మా, చెవుడు కదా."